కీళ్ల నొప్పికి, బాయి దుమ్ముకు సంబంధమేమి?



ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలలో కీళ్ల నొప్పుల సంగతి తరచుగా ఉంటుంది. "పొద్దున లేవగానే పిడికిలి ముడవలేకపోతున్నాము, వేళ్ల కణుపులు వాస్తున్నాయి. ఇది వయసు వలన వచ్చినదా, బాయిలో నీళ్లలో నానినందున వచ్చినదా?" అని బొగ్గు గనుల ప్రాంతపు కుటుంబాలవారు అడుగుతారు. ఇరుగుపొరుగు వారిచ్చే జవాబు ఒక్కటే: "వాతం, అంతే." వయసు వలన కీళ్లు అరుగుట నిజమే. బరువులు మోసిన నడుము నొచ్చుట నిజమే. అయితే వైద్యులు వంద సంవత్సరాలకు పైగా ఎరిగియున్న మరొక కారణం మన ఇండ్లలో చాలామందికి తెలియదు. ఆ కారణం దుమ్ము. ఊపిరితో లోపలికి పోయిన రాతి దుమ్ము ఏండ్లు గడిచాక వేళ్ల కణుపులలో జబ్బుగా బయటపడవచ్చును. ఆ సంగతిని, దానితోపాటు పాదరసం వంటి లోహాల సంగతిని ఈ నెల వివరిస్తాము.

కాపలావాడు ఇంటివారినే కొడితే

మన శరీరములో రోగాలతో పోరాడే శక్తి ఉన్నదని అందరికీ తెలుసు. రక్తంలోని తెల్ల కణాలు కాపలావారి వలె తిరుగుతుంటాయి. పరాయి సూక్ష్మజీవి లోపలికి వస్తే గుర్తుపట్టి చంపుతాయి. వాటికి ముఖ్యంగా కావలసిన తెలివి ఒకటి ఉన్నది: ఇది నాది, ఇది పరాయిది అని వేరు చేయడం. ఆ తెలివి తప్పినప్పుడు కాపలావాడు ఇంటివారి మీదనే కర్ర ఎత్తుతాడు. తన కీళ్లనో, తన చర్మాన్నో, తన మూత్రపిండాలనో శరీరమే శత్రువుగా భావించి దెబ్బతీస్తుంది. ఇటువంటి వాటిని ఆటో ఇమ్యూన్ జబ్బులు అంటారు. కీళ్లవాతం, అనగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, వీటిలో ఒకటి. చర్మం గట్టిపడిపోయే స్క్లీరోడెర్మా, అనేక అవయవాలను పట్టే లూపస్ కూడా ఈ కుటుంబానికి చెందినవే.

కాపలావాని తెలివి ఎందుకు తప్పుతుంది? పుట్టుకతో వచ్చిన గుణం కొంత కారణం. బయటినుండి లోపలికి చేరిన వస్తువులు కొంత కారణం. అటువంటి వస్తువులలో సాక్ష్యం దొరికిన వాటిలో రెండు: రాతిలోని సిలికా, పాదరసం. సిలికా లోహం కాదు. అయినా లోహాల వలెనే ఇదీ శరీరం అరిగించుకోలేని వస్తువు.

రాతి పొడి లోపల చేసే పని

ఇసుకలో, ఇసుకరాయిలో, గ్రానైటులో ఉండే మెరుపు పలుకులు సిలికా. కంటికి కనబడే దుమ్ము చాలవరకు ముక్కులోనే ఆగుతుంది. కంటికి కనబడనంత సన్నని దుమ్ము, తలవెంట్రుక మందంలో పదో వంతుకు కూడా రానిది, ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా పోతుంది. అక్కడి కాపలా కణాలు దానిని మింగుతాయి. సూక్ష్మజీవిని మింగితే అరిగించుకుంటాయి. రాతిని అరిగించుకోలేవు. మింగిన రాయి కణాన్ని లోపలినుండి చీల్చుతుంది. కణం చనిపోతూ చుట్టుపక్కల వాటికి అపాయ సంకేతాలు పంపుతుంది. ఆ రాయిని మరొక కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. పని మానివేసిన తరువాత కూడా లోపలి రాయి లోపలనే ఉంటుంది గనుక ఈ గొడవ ఏండ్ల తరబడి సాగుతూనే ఉంటుంది.

ఈ ఎడతెగని వాపులో ఊపిరితిత్తుల లోపలి మాంసకృత్తుల రూపం కొంత మారుతుంది. రూపం మారిన వాటిని చూచి శరీరం పరాయివనుకొని వాటిమీద ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఆ ప్రతిరక్షకాలు రక్తంతో ఒళ్లంతా తిరుగుతాయి. కీళ్లలోనూ అటువంటి మాంసకృత్తులే కనబడితే అక్కడ యుద్ధం మొదలవుతుంది. ఆ విధంగా దుమ్ము పట్టినది ఊపిరితిత్తులకు, నొప్పి వచ్చినది వేళ్లకు. నొప్పి ఉన్న చోటనే కారణాన్ని వెదకే మనకు ఈ దారి తోచదు.

ఇతర దేశాల గనులలో చూచినది

ఎడిన్‌బరో నగరపు వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ 1914లో ఒక సంగతి రాశాడు. తాను చూచిన స్క్లీరోడెర్మా రోగులు 9 మందిలో 5 మంది రాళ్లు చెక్కేవారే. 1953లో ఆంథోనీ కాప్లన్ అనే వైద్యుడు వేల్సు దేశపు బొగ్గు గని కార్మికుల ఎక్స్‌రేలు పరిశీలిస్తూ, కీళ్లవాతం ఉన్నవారి ఊపిరితిత్తులలో గుండ్రని గడ్డల నీడలు గుర్తించాడు. ఇతర కార్మికుల ఎక్స్‌రేలలో కనబడే మచ్చలకు ఇవి భిన్నంగా ఉన్నాయి. కొందరిలో కీళ్ల నొప్పి మొదలుకాక ముందే ఛాతీలో ఈ నీడలు కనబడతాయి. ఈ జబ్బుకు నేటికీ కాప్లన్ సిండ్రోమ్ అనే పేరు. 1957లో ఎరాస్మస్ అనే వైద్యుడు దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికులలో స్క్లీరోడెర్మాను వర్ణించాడు.

తరువాత స్వీడన్ దేశంలో పెద్ద ఎత్తున జరిగిన పరిశోధనలలో, రాతి దుమ్ము పీల్చిన పురుషులకు కీళ్లవాతం వచ్చే అవకాశం ఎక్కువని, వారు పొగ కూడా తాగితే ఆ అవకాశం మరింత పెరుగుతుందని తేలింది. 2019లో అమెరికాలోని అపలాచియా బొగ్గు ప్రాంతంపై వెలువడిన అధ్యయనంలో కూడా గని పని చేసిన పురుషులలో కీళ్లవాతం అధికంగా కనబడింది. దేశాలు వేరు, కాలాలు వేరు, సాక్ష్యం మాత్రం ఒక్కటే.

మన బొగ్గు బాయిల సంగతి

గోదావరి లోయలోని మన బొగ్గు ఇసుకరాయి పొరల నడుమ ఉన్నది. ఇల్లందు దగ్గర 1889లో మొదలైన తవ్వకం నుండి నేటి రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి గనుల దాకా కార్మికుడు బొగ్గును ఒక్కదానినే తాకడు, రాతిని కూడా తాకుతాడు. పైకప్పు కూలకుండా బోల్టులు బిగించుటకు రంధ్రాలు కొట్టేటప్పుడు, రాతిలో దారి తొలిచేటప్పుడు లేచేది అధికంగా రాతి దుమ్మే. ఓపెన్ కాస్టులలో బొగ్గు మీది మట్టిని, రాతిని పేల్చి డంపర్లతో తరలిస్తారు. ఎండాకాలంలో ఆ దారుల మీద లేచే దుమ్ము అందరికీ తెలిసినదే. ఆ పనిలో కాంట్రాక్టు మనుషులు చాలామంది ఉన్నారు. పర్మినెంటు కార్మికునికి దొరికే పరీక్షలు, కాగితాలు వారికి అంత సులువుగా దొరకవు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు క్వారీలలో, కోత మిల్లులలో పని చేసేవారి సంగతి కూడా ఇంతే. గ్రానైటులో సిలికా పుష్కలంగా ఉంటుంది.

బొగ్గులో సీసం, ఆర్సెనిక్, పాదరసం కూడా అతి కొద్దిగా ఉంటాయి. కాల్చినప్పుడు పాదరసంలో చాలా భాగం ఆవిరై పొగతో పోతుంది, మిగిలిన లోహాలు ఎక్కువగా బూడిదలో నిలుస్తాయి. రామగుండం ఎన్.టి.పి.సి.లో 1983 నుండి విద్యుత్తు తయారవుతున్నది గనుక మన ప్రాంతంలో బూడిద కొత్తది కాదు. బూడిద లారీల మీద, బూడిద ఇటుకల బట్టీలలో పని చేసేవారు దానిని పొడిగా ఊడ్వకూడదు, తడిపి ఎత్తాలి.

పాదరసం: తెలియక తెచ్చుకునే అపాయం

గని దుమ్మును కార్మికుడు కోరుకొని పీల్చడు. పాదరసాన్ని మాత్రం మనం డబ్బిచ్చి కొని ఇంటికి తెచ్చుకుంటున్నాము. పాదరసం మాంసకృత్తులలోని గంధకాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్నప్పుడు మన సొంత మాంసకృత్తు పరాయిదానివలె కనబడే ప్రమాదమున్నది. పాదరసంతో బంగారాన్ని వేరుచేసే బ్రెజిల్ దేశపు చిన్న గనుల కార్మికుల రక్తంలో, సొంత కణాల మీదనే తయారైన ప్రతిరక్షకాలు ఎక్కువగా కనబడ్డాయి.

మనకు దగ్గరి ఉదాహరణ కేరళలో ఉన్నది. మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు 22 మందిలో మూత్రపిండాల వడపోత పొర దెబ్బతినే ఒక ఆటో ఇమ్యూన్ జబ్బును చూచారు. వారిలో 15 మందికి నెల్-1 అనే మాంసకృత్తుకు సంబంధించిన అరుదైన రకం ఉన్నది. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు పూసుకున్నవారే. ఆ క్రీములలో పాదరసం ఉన్నది. క్రీము మానివేయగానే చాలామంది కోలుకున్నారు. మన దేశపు రోగులపై 2022లో వెలువడిన మరొక పరిశోధనలో, పాదరసం కలిసిన నాటు మందులు వాడినవారిలోనూ ఇదే రకం జబ్బు కనబడింది.

మందుగా ఇచ్చిన లోహం కూడా ఇటువంటి పని చేయగలదని వైద్యులకు ముందే తెలుసు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాక్ ఫొరెస్టియే 1929 నుండి కీళ్లవాతానికి బంగారు లవణాల ఇంజెక్షన్లను ప్రచారంలోకి తెచ్చాడు. అనేకులకు మేలు జరిగింది. కొందరికి మాత్రం మూత్రంలో మాంసకృత్తు పోవడం మొదలై, మూత్రపిండాల పొర దెబ్బతిన్నది. బంగారం ఆపితే జబ్బు తగ్గింది. నాటు మందులన్నీ చెడ్డవని మేము చెప్పడం లేదు. లోపల ఏమున్నదో తెలియని పొడిని, తయారుచేసినవాని పేరు, చిరునామా లేని డబ్బాను నమ్మవద్దని మాత్రమే చెబుతున్నాము.

అందరికీ ఎందుకు రాదు?

"మా నాయన ముప్పై ఏండ్లు బాయిల చేసిండు, ఏమీ కాలేదు" అనేవారు ఉన్నారు. నిజమే కావచ్చును. ఒకే విత్తనం అన్ని నేలల్లో ఒకే విధంగా మొలవదు. పుట్టుకతో వచ్చిన గుణం, పీల్చిన దుమ్ము మోతాదు, ఎన్నేండ్లు పీల్చినది, పొగ తాగే అలవాటు, ఇవన్నీ కలిసినప్పుడు జబ్బు వస్తుంది. వీటిలో పుట్టుక గుణాన్ని మార్చలేము. దుమ్మును తగ్గించవచ్చును. బీడీని ఈ రోజే మానవచ్చును. దుమ్ములో పని చేసేవాని చేతిలో బీడీ ఉంటే అది రెండింతల అపాయం.

గుర్తులు

వయసు వలన వచ్చే కీళ్ల అరుగుదల సాధారణంగా మోకాళ్లలో ఎక్కువ. నడిచినకొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. కీళ్లవాతం గుర్తులు వేరు. రెండు చేతుల చిన్న కణుపులు, మణికట్లు, పాదాల వేళ్ల మొదళ్లు ఒకే విధంగా వాస్తాయి. పొద్దున లేవగానే అరగంటకు, గంటకు పైగా బిగుసుకొని ఉంటాయి, పని చేసినకొద్దీ కొంత వదులవుతాయి. ఆదివారం గుడిలో పాటల పుస్తకం పేజీ తిప్పలేని చేతులను, చొక్కా గుండీ పెట్టుకోలేని వేళ్లను ముసలితనమని వదిలివేయకండి. ఈ వాపు ఆరు వారాలు దాటితే రక్తపరీక్ష చేయించాలి. ఆర్.ఏ. ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనేవి ఆ పరీక్షల పేర్లు.

చలికి వేళ్లు తెల్లబడి తరువాత నీలం రంగుకు తిరగడం, ముఖం మీద, చేతుల మీద చర్మం బిగుసుకుపోవడం స్క్లీరోడెర్మా గుర్తులు కావచ్చును. మూత్రం నురగగా పోవడం, పొద్దున కనురెప్పలు, సాయంత్రం పాదాలు వాయడం మూత్రపిండాల గుర్తులు. ఆయాసం, తగ్గని దగ్గు ఉంటే ఛాతీ ఎక్స్‌రే తప్పదు.

వైద్యం గురించి మూడు హెచ్చరికలు

కీళ్లవాతాన్ని మొదటి నెలలలోనే పట్టుకుంటే వేళ్లు వంకర పోకుండా కాపాడవచ్చును. ఆలస్యమైతే పోయిన ఆకారం తిరిగి రాదు. గోదావరిఖని సింగరేణి దవాఖానలోనో, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ముందుగా చూపించుకొని, అవసరమైతే హైదరాబాదు నిమ్స్‌లోని కీళ్లవాత నిపుణులకు చీటీ రాయించుకోండి.

మొదటి హెచ్చరిక. ఈ జబ్బుకు ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. చదువురాని పెద్దలు ఉన్న ఇంట్లో పిల్లలు క్యాలెండరు మీద ఆ రోజుకు గుర్తు పెట్టాలి. గర్భం ధరించదలచిన స్త్రీలు, మద్యం అలవాటు ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

రెండవది. రాతి దుమ్ము నిండిన ఊపిరితిత్తులకు క్షయ వచ్చే అవకాశం మామూలు వారికంటే చాలా ఎక్కువ. స్టెరాయిడ్లు, వ్యాధినిరోధక శక్తిని అణచే మందులు లోపల నిద్రపోతున్న క్షయను లేపగలవు. గనుక అవి మొదలుపెట్టక ముందే క్షయ పరీక్ష జరగాలి.

మూడవది. రెండు రోజులలో నొప్పి మాయం చేసే పేరులేని పొట్లాలలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చును. నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. నొప్పి తగ్గడం వేరు, జబ్బు ఆగడం వేరు.

డాక్టరు అడగకపోయినా చెప్పండి

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1700లో పనివారి జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగిని అడిగే ప్రశ్నలకు మరొక ప్రశ్నను చేర్చమని తోటి వైద్యులకు అందులో సలహా ఇచ్చాడు. ఆ ప్రశ్న: నీవు చేసే పని ఏమిటి? మూడు వందల ఏండ్లు దాటినా, రద్దీగా ఉన్న మన ఆసుపత్రులలో ఈ ప్రశ్న చాలాసార్లు మిగిలిపోతుంది. అడిగినా జవాబు పొట్టిగా వస్తుంది.

"ఏం పని చేసేవారు పెద్దయ్యా?"

"రిటైరైన సారూ."

ఈ జవాబుతో డాక్టరుకు ఏమీ తెలియదు. ఇలా చెప్పండి: "ఇరవై ఏండ్లు బాయిల చేసిన సారూ. పైకప్పుకు రంధ్రాలు కొట్టేటోణ్ణి. దుమ్ము మస్తు ఉండేది. బీడీ తాగేది, ఇప్పుడు బంద్ చేసిన." ఈ నాలుగు మాటలతో డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాస్తాడు, కీళ్ల పరీక్ష రాస్తాడు. స్త్రీలైతే క్వారీలో పని చేసినా, భర్త పని బట్టలు ఏండ్ల తరబడి దులిపి ఉతికినా, క్రీములు, పొడులు వాడినా చెప్పాలి.

దీనిలో మరొక ప్రయోజనం ఉన్నది. 1952 గనుల చట్టం నాటి నుండే దుమ్ము వలన వచ్చే ఊపిరితిత్తుల జబ్బును అధికారులకు తెలియజేయవలసిన జబ్బుగా గుర్తించారు. 1955 నియమాలు గని కార్మికునికి ఎక్స్‌రేతో కూడిన వైద్య పరీక్షలను నిర్దేశించాయి. 1923 నష్టపరిహార చట్టం పట్టికలో సిలికోసిస్, బొగ్గు రాతి దుమ్ము జబ్బులు చేరాయి. కీళ్లవాతం మాత్రం ఆ పట్టికలో చేరలేదు. గనుక కీళ్ల నొప్పితో వెళ్లినవాడు ఛాతీని చూపించుకోకుండా తిరిగివస్తే, పట్టికలో ఉన్న జబ్బు కూడా కాగితం మీదికి రాకుండా పోతుంది. అన్‌ఫిట్ చేస్తారని భయపడి దగ్గును దాచుకునేవారి బాధ మేము ఎరుగుదుము. ఇల్లు గడవాలి, పిల్లల చదువు సాగాలి. అయినా దాచిన జబ్బు ఆగదు. పాత ఎక్స్‌రేలను, పరీక్ష కాగితాలను, ఏ గనిలో ఏ పనిలో ఎన్నేండ్లు చేసినదీ రాసిన కాగితాన్ని ఒక సంచిలో భద్రపరచండి. కాంట్రాక్టు పనివారైతే గుర్తింపు కార్డు, జీతపు చీటీలు పారవేయవద్దు.

ఇంటివారు చేయవలసినవి

రంధ్రాలు కొట్టేటప్పుడు నీళ్లు వాడితే దుమ్ము చాలావరకు లేవదు. ఆ ఏర్పాటు పనిచేయకపోతే సూపర్‌వైజరుకు, యూనియన్ వారికి చెప్పండి. ముఖానికి కట్టుకున్న తువ్వాల సన్నని దుమ్మును ఆపలేదు. ముఖానికి సరిగా అతుక్కునే దుమ్ము మాస్కు కావాలి. పని బట్టలతో పిల్లలను ఎత్తుకోవద్దు. ఆ బట్టలను దులపకుండా నీళ్లలో ముంచి, వేరుగా ఉతకాలి. క్రీము డబ్బా మీద మెర్క్యురీ, కెలోమెల్ అనే మాటలున్నా, తయారీదారుని వివరాలు అసలే లేకపోయినా ఇంట్లోకి రానివ్వవద్దు. సౌందర్య సాధనాలలో పాదరసం కలపడాన్ని 2020 నియమాలు నిషేధించాయి, అయినా సంతలలో అమ్మేవారు ఉన్నారు. పెండ్లి కుదిరిన ఆడపిల్లల తల్లులు ఈ సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

మీ సంఘంలో గని పని, రాతి పని చేసిన పెద్దలు ఎందరున్నారో లెక్కించండి. వారిలో ఎవరి చేతులు వాచి ఉన్నాయో స్త్రీల సమాజంవారు, యువకులు కనుక్కోండి. చదువు వచ్చిన పిల్లవాడు ఒకడు పెద్దయ్యతో దవాఖానకు వెళ్లి, ఆయన చేసిన పనిని డాక్టరుకు వివరంగా చెబితే చాలు. ఆ చిన్న సాయం వలన పది వేళ్లు వంకరపోకుండా నిలువవచ్చును.